మరిగే నీళ్లు, తాగే నీళ్లు

"నాకు ఇంగ్లీషు రాదు" అనుకుంటూ మీరు ఈ పాఠం తెరిచారా? అయితే ముందుగా ఒక చిన్న పని చేయండి. మీ ఊరి బజారులో ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ కనిపించిన బోర్డులన్నీ చదవండి. వెల్డింగ్ షాపు, ప్రింటింగ్ ప్రెస్, కోచింగ్ సెంటర్, నర్సింగ్ హోమ్ కనిపిస్తాయి. రైల్వే స్టేషనుకు వెళితే బుకింగ్ కౌంటరు, వెయిటింగ్ హాలు ఉంటాయి. ఇంటికి వస్తే వాషింగ్ మెషిన్, కుకింగ్ గ్యాస్ ఉండనే ఉన్నాయి. "రన్నింగ్ బస్సు ఎక్కొద్దు" అని మీ పిల్లలకు మీరే ఎన్నోసార్లు చెప్పి ఉంటారు.

ఈ మాటలన్నిటిలో ఒక పోలిక ఉంది. ప్రతి దానిలోనూ ఒక క్రియ ఉంది. ఆ క్రియకు చివర ఐ, ఎన్, జి అనే మూడు అక్షరాలు చేరాయి. అలా చేరిన మాట ఒక నామవాచకానికి ముందు కూర్చొని, అది ఎలాంటిదో చెబుతోంది. అంటే విశేషణం చేసే పని చేస్తోంది. ఈ వ్యాకరణాంశాన్ని మీరు కొత్తగా నేర్చుకోనక్కరలేదు. ఇది ఇప్పటికే మీ నోట ఉంది. అది ఎలా పని చేస్తుందో తెలుసుకోవడమే మిగిలింది.

పదిహేనేళ్లకు పైగా సార్వత్రిక పాఠశాల అభ్యాసకుల కోసం పాఠాలు రాస్తున్నాను, వారి అసైన్‌మెంట్లు చదువుతున్నాను. అవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచే కాదు, తెలుగు కుటుంబాలు ఎప్పుడో వలస వెళ్లి స్థిరపడిన షోలాపూర్, భివండి, సూరత్ వంటి చోట్ల నుంచి కూడా వస్తాయి. ఊళ్లు వేరు, వయసులు వేరు, వృత్తులు వేరు. కాని ఈ ఒక్క విషయంలో అందరి కాగితాల మీదా ఒకే రకం తప్పు కనిపిస్తుంది. ఇంతమంది, ఇన్ని చోట్ల, ఒకే తప్పు చేస్తున్నారంటే దానికి అజాగ్రత్తే కారణం కాదు. దాని వెనుక ఒక పద్ధతి ఉండి తీరాలి. ఆ పద్ధతి మన తెలుగులోనే ఉంది.

ముందు మన భాషను చూద్దాం. 'వండు' అనే క్రియను తీసుకోండి. దాని నుంచి 'వండిన', 'వండే', 'వండని' అనే రూపాలు పుడతాయి. వీటిని క్రియాజన్య విశేషణాలు అంటారు. సంప్రదాయ వ్యాకరణాల్లో ధాతుజ విశేషణాలు అనే పేరు కూడా ఉంది. ఇప్పుడు 'వండిన' అనే మాట ఏయే నామాలకు ముందు రాగలదో చూడండి.

వండిన కూర. వండిన అత్తయ్య. వండిన గిన్నె. వండిన చోటు. వండిన రోజు.

కూర కర్మ, అత్తయ్య కర్త, గిన్నె సాధనం. తక్కినవి స్థలం, కాలం. ఈ అయిదింటి ముందూ ఒక్క 'వండిన' సరిపోయింది. ఎవరు ఎవరిని వండారో మనకు సందేహం రాదు. కూర తనంతట తాను వండుకోదని, అత్తయ్యను ఎవరూ వండరని మనకు తెలుసు. మాటకు, మాటకు మధ్య ఉన్న సంబంధాన్ని తెలుగు మన లోకజ్ఞానానికి వదిలిపెడుతుంది.

ఇంగ్లీషు అలా వదలదు. 'కుక్డ్ రైస్' అంటే వండిన అన్నం. కాని అదే ధోరణిలో 'కుక్డ్ ఆంటీ' అన్నారనుకోండి, అత్తయ్యను వండేసినట్టే! తరగతిలో ఈ ఉదాహరణ చెప్పగానే అందరూ నవ్వుతారు. ఆ నవ్వులోనే సూత్రం ఉంది. నామం ఆ పని చేసేదా, చేయించుకునేదా అన్నది ఇంగ్లీషులో విశేషణ రూపమే చెప్పాలి. సాధారణంగా ఇంగ్ రూపం చేసేదాన్ని చెబుతుంది. ఇ, డి అక్షరాలతో ముగిసే రూపం (కొన్ని క్రియలకు బ్రోకెన్, రిటెన్ వంటి రూపాలు) ఆ పనికి లోనైనదాన్ని చెబుతుంది. తెలుగు ఒక్క మాటతో గడిపేసే చోట ఇంగ్లీషుకు రెండు మాటలు కావాలి. ఒక్క మాటకు అలవాటు పడిన మనం ఆ రెండింటిలో ఏదో ఒకటి వాడేస్తాం. తప్పు పుట్టేది అక్కడే.

ఈ తేడా పరీక్షల్లో పోయే ఒకటి రెండు మార్కులతో ఆగదు. దీని వల్ల నొచ్చుకున్న ఒక అభ్యాసకురాలి సంగతి చెబుతాను.

షోలాపూర్‌లో ఒకసారి వ్యక్తిగత సంపర్క తరగతికి వెళ్లాను. ఆమెకు ముప్పై దాటాయి. తల్లి బీడీలు చుట్టి పిల్లల్ని పెంచింది. ఈమె బడి మానేసి, స్కూలు యూనిఫారాలు కుడుతూ, ఇన్నేళ్ల తర్వాత సెకండరీ పరీక్షకు కూర్చోవాలనుకుంది. ఇంట్లో తెలుగు, బయట మరాఠీ. చదువు సగంలో ఉండగానే ఒక నర్సరీ బడిలో సహాయకురాలి పని ఉందని తెలిసి ఇంటర్వ్యూకు వెళ్లింది. ఈ పని ఎందుకు కావాలనుకుంటున్నావని అడిగారు. "ఐ యామ్ వెరీ ఇంటరెస్టింగ్ ఇన్ చిల్డ్రన్" అంది. ఎదుట కూర్చున్న ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకొని నవ్వారట. "అవునవును, చూస్తూనే ఉన్నాం" అన్నాడట అందులో ఒకాయన.

ఆ తర్వాత ఆమె ఇంగ్లీషు అసైన్‌మెంట్లు రెండు పంపలేదు. ఎందుకని అడిగితే ఈ సంగతి చెప్పింది. చివరికి ఒక మాట అంది. "నేను తప్పు మాట్లాడానని నాకు తెలుసు మేడమ్. కాని ఏం తప్పో ఇప్పటి వరకు ఎవ్వరూ చెప్పలేదు."

"ఆ మాట తెలుగులో ఏమనుకున్నారమ్మా?" అని అడిగాను.

"పిల్లలంటే నాకు చాలా ఇంటరెస్టింగ్‌గా ఉంటుంది అనుకున్నాను మేడమ్."

అభ్యాసకులారా, ఈ తెలుగు వాక్యాన్ని ఒక్క క్షణం చూడండి. ఇందులో తప్పేముంది? ఏమీ లేదు. తెలుగులో ఆసక్తి, విసుగు, భయం, ఆకలి, నిద్ర అన్నీ మన 'కు' వస్తాయి. నాకు విసుగ్గా ఉంది, నాకు ఆశ్చర్యంగా ఉంది, నాకు ఆకలి వేస్తోంది అంటాం. అనుభవించే మనిషి కర్త స్థానంలో కాక చతుర్థీ విభక్తిలో ఉంటాడు. ఇంగ్లీషు వాక్యంలో ఆ మనిషిని తీసుకొచ్చి కర్త పీట మీద కూర్చోబెట్టాలి. 'నాకు' పోయి 'ఐ' వస్తుంది. 'ఉంటుంది' పోయి 'యామ్' వస్తుంది. ఆమె ఈ రెండు పనులూ సరిగానే చేసింది. పీట మార్చినప్పుడు విశేషణ రూపం కూడా మారాలన్న మూడో సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. 'ఇంటరెస్టింగ్' అంటే ఆసక్తి కలిగించే. 'ఇంటరెస్టెడ్' అంటే ఆసక్తి కలిగిన. ఆమె అనాల్సింది 'ఐ యామ్ ఇంటరెస్టెడ్' అని. ఆమె అన్నదానికి 'నేను చాలా ఆసక్తికరమైన మనిషిని' అని అర్థం వచ్చింది. ఆ ముగ్గురూ నవ్వింది అందుకు.

దీన్ని గుర్తుపెట్టుకోవడం ఎలా? "ఇంగ్ వర్తమానం, ఇడి భూతం" అని చాలామంది బట్టీ పట్టించారు. వాటికి వ్యాకరణంలో ఉన్న పేర్లు కూడా అలాంటివే. కాని ఈ సందర్భంలో ఆ సూత్రం మిమ్మల్ని దారి తప్పిస్తుంది. నిన్నటి ఉపన్యాసం విసుగు పుట్టిస్తే అది నిన్నటిదైనా 'బోరింగ్ లెక్చర్' అనే అంటారు. రేపు మీరు అలసిపోతారని చెప్పాలంటే అది రేపటి సంగతైనా 'టైర్డ్' అనే అంటారు. ఇక్కడ చూడవలసింది కాలాన్ని కాదు, ఎవరు కలిగిస్తున్నారు, ఎవరికి కలుగుతోంది అన్నదాన్ని.

ఆ రోజు తరగతిలో నల్లబల్ల మీద రెండు తెలుగు మాటలు రాశాను. భయపెట్టు, భయపడు. వాటి కింద మరో రెండు జతలు రాశాను. బాధపెట్టు, బాధపడు. కష్టపెట్టు, కష్టపడు. చూశారా, ఇంగ్లీషు చూపించే ఈ తేడాను తెలుగు కూడా చూపిస్తుంది. కాకపోతే చివర ఒక ప్రత్యయం మార్చి కాక, వేరొక సహాయక క్రియను పెట్టి చూపిస్తుంది. భయపెట్టే కల 'ఫ్రైటెనింగ్ డ్రీమ్'. భయపడ్డ పిల్లవాడు 'ఫ్రైటెన్డ్ చైల్డ్'. అందుచేత సందేహం వచ్చినప్పుడు ఇలా అడిగి చూసుకోండి. ఇది 'పెట్టే' కుటుంబమా, 'పడ్డ' కుటుంబమా? కలిగించే, పుట్టించే, పరిచే అనేవి 'పెట్టే' వైపు చేరతాయి. వాటికి ఇంగ్ రూపం వాడాలి. కలిగిన, పుట్టిన, చెందిన అనేవి 'పడ్డ' వైపు చేరతాయి. వాటికి ఇడి రూపం వాడాలి. విసుగు పుట్టించే సినిమా 'బోరింగ్ సినిమా'. విసుగు పుట్టిన ప్రేక్షకుడు 'బోర్డ్' ప్రేక్షకుడు. అలసట కలిగించే ప్రయాణం 'టైరింగ్', అలసిన ప్రయాణికుడు 'టైర్డ్'.

ఆమె బల్ల వైపు కాసేపు చూసి, తనే లేచి నాలుగో జత చెప్పింది. "ఇబ్బంది పెట్టు, ఇబ్బంది పడు." ఆ తర్వాత నెమ్మదిగా, "అయితే ఆ ఇంటర్వ్యూ ఎంబరాసింగ్. నేను ఎంబరాస్డ్. అంతేనా మేడమ్?" అంది. అంతే. అంతకంటే మంచి ఉదాహరణ నా దగ్గరా లేదు.

ఇక ఇంగ్ రూపంలో మరొక చిక్కు ఉంది. పాఠం పేరులో ఉన్న నీళ్ల దగ్గరికి వద్దాం. మరిగే నీళ్లు, తాగే నీళ్లు. తెలుగులో రెండూ ఒకే తీరు మాటలు. ఇంగ్లీషులోనూ రెండూ ఒకే తీరుగా కనిపిస్తాయి: బాయిలింగ్ వాటర్, డ్రింకింగ్ వాటర్. కాని మొదటిదానిలో నీళ్లే మరుగుతాయి. రెండోదానిలో నీళ్లు దేన్నీ తాగవు, మనం నీళ్లు తాగుతాం. మరి ఇంగ్ రూపం చేసేదాన్ని చెబుతుందన్న సూత్రం ఏమైంది?

దీనికి జవాబు ఇంగ్లీషు భాష చరిత్రలో ఉంది. సుమారు వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ఇవి రెండు వేర్వేరు రూపాలు. పని చేస్తున్నదాన్ని చెప్పే విశేషణానికి చివర 'ఎండె' అనే ప్రత్యయం ఉండేది. పని పేరును చెప్పే నామానికి చివర 'ఉంగ్' లేదా 'ఇంగ్' ఉండేది. 12వ శతాబ్దం తర్వాత క్రమంగా మొదటిది కూడా 'ఇంగ్'గా మారి, రెండూ ఒకే రూపంలో కలిసిపోయాయి. రూపాలు కలిశాయి కాని పనులు కలవలేదు. 'బాయిలింగ్ వాటర్'లో ఉన్నది విశేషణం: మరుగుతున్న నీళ్లు. 'డ్రింకింగ్ వాటర్'లో ఉన్నది పని పేరు: తాగడానికి పనికివచ్చే నీళ్లు.

మన దేశపు భాషల్లో కొన్ని ఈ తేడాను పైకే చూపిస్తాయి. హిందీ తెలిసినవారు గమనించండి. పారే నీళ్లు 'బహతా పానీ', తాగే నీళ్లు 'పీనే కా పానీ'. మరాఠీలోనూ అంతే: 'వాహతే పాణీ', 'పిణ్యాచే పాణీ'. ఉద్దేశాన్ని చెప్పే చోట హిందీలో 'కా', మరాఠీలో 'చే' వచ్చి చేరాయి. షోలాపూర్ తరగతిలో మరాఠీ ఉదాహరణ చెప్పగానే సగం మందికి మిగతా పాఠం అక్కరలేకపోయింది.

తెలుగులో ఈ తేడాను పట్టుకోవడానికి రెండు తేలిక మార్గాలు ఉన్నాయి.

మొదటిది, నామాన్ని కర్తగా చేసి వాక్యం చెప్పి చూడండి. నీళ్లు మరుగుతాయి, సరిపోయింది. కనుక బాయిలింగ్ వాటర్‌లో ఉన్నది విశేషణం. కర్ర నడుస్తుంది; సరిపోలేదు. కనుక 'వాకింగ్ స్టిక్' నడవడానికి వాడే కర్ర. హాలు ఎదురుచూడదు, కనుక 'వెయిటింగ్ హాలు' ఎదురుచూసేవారి కోసం ఉన్న హాలు. 'వర్కింగ్ ఉమన్' అంటే పని చేసే స్త్రీ, స్త్రీయే పని చేస్తుంది. 'వర్కింగ్ డే' అంటే పనిదినం, దినం పని చేయదు.

రెండోది, 'వంట' మాటతో పరీక్షించడం. వంట, పడక, కుట్టు, రాత వంటివి మన భాషలో పని పేర్లు. 'కుకింగ్ గ్యాస్'ను మీరు ఏమంటారు? వంట గ్యాసు. 'కుకింగ్ ఆయిల్'? వంట నూనె. 'సూయింగ్ మెషిన్'? కుట్టు మిషను. ఇలా పని పేరుతో తెలుగు చేయగలిగితే అది ఉద్దేశాన్ని చెప్పే ఇంగ్. అలా కుదరక 'చేసే', 'చేస్తున్న' అనే మాటలే వస్తే అది విశేషణం. 'స్లీపింగ్ బేబీ'ని పడక పాప అనలేం కదా! నిద్రపోతున్న పాప అనే అంటాం.

మాట్లాడేటప్పుడు ఈ తేడా వినిపిస్తుంది కూడా. 'డ్యాన్సింగ్ టీచర్' అన్నప్పుడు మొదటి మాట మీదే ఊనిక పడితే నాట్యం నేర్పే టీచరు. రెండో మాట మీద కూడా ఊనిక పడితే నాట్యం చేస్తున్న టీచరు. రేడియోలోనో టీవీలోనో ఇంగ్లీషు వార్తలు వినేటప్పుడు ఇటువంటి జతలను గమనించండి.

అన్నట్టు, చివర ఇంగ్ వినిపించినంత మాత్రాన ప్రతిదీ ఈ కోవలోకి రాదు. 'సీలింగ్ ఫ్యాన్'లో సీలింగ్ అంటే ఇంటి పైకప్పు లోపలి వైపు. దాన్ని విడదీసి అర్థం వెతకనక్కరలేదు.

అయితే నీళ్ల సంగతి ఇంకా పూర్తి కాలేదు. మూడో రకం నీళ్లు ఉన్నాయి: బాయిల్డ్ వాటర్. అంటే కాచిన నీళ్లు. వానాకాలంలో డాక్టర్లు తాగమని చెప్పేది వీటిని. 'బాయిలింగ్ వాటర్' తాగమంటే పొయ్యి మీద కుతకుతలాడుతున్న నీళ్లు తాగమన్నట్టు. ఇంట్లో పసిపిల్ల ఉండి, పాలపొడి డబ్బా మీద ఉన్న ఇంగ్లీషు సూచనలు మీరే చదవవలసి వచ్చిందనుకోండి. అప్పుడు ఈ రెండు రూపాల తేడా మార్కుల కోసం కాదని మీకే తెలుస్తుంది.

చివరగా ఒక హెచ్చరిక, ఒక సౌకర్యం. హెచ్చరిక ఏమిటంటే, కూర్చున్న, నిలబడ్డ, పడుకున్న అనే మాటలు తెలుగులో భూతకాలపు రూపాలు. అయినా అవి చెప్పేది ఇప్పటి స్థితిని. అందుకని తలుపు దగ్గర నిలబడ్డ అబ్బాయిని ఇంగ్లీషులో 'ది బాయ్ స్టాండింగ్ నియర్ ది డోర్' అంటారు, 'స్టుడ్' అని వాడరు. పనిలో పనిగా మాటల వరసను కూడా చూడండి. మన విశేషణం తన వెంట ఎన్ని మాటలు తెచ్చుకున్నా నామానికి ముందే ఉంటుంది. ఇంగ్లీషులో ఇంగ్ మాట ఒంటరిగా ఉంటే సాధారణంగా ముందు ఉంటుంది, 'నియర్ ది డోర్' వంటి మాటలను వెంటబెట్టుకొని వస్తే నామం తర్వాతకు వెళుతుంది.

సౌకర్యం ఏమిటంటే, ఇంటరెస్టింగ్, బోరింగ్, టైరింగ్ వంటివి పూర్తిగా విశేషణాలైపోయాయి. వాటి ముందు 'వెరీ' చేర్చవచ్చు. 'వెరీ స్లీపింగ్ బేబీ' అనలేం. సందేహం వస్తే 'వెరీ' చేర్చి చూడండి. కుదిరితే అది మనసుకు కలిగే అనుభవాన్నో, గుణాన్నో చెప్పే మాట అయి ఉంటుంది. అటువంటి చోట 'పెట్టే, పడ్డ' పరీక్ష మీకు బాగా ఉపయోగపడుతుంది.

తెలుగులో ఆలోచిస్తే ఇంగ్లీషు రాదని మీతో ఎవరైనా చెప్పి ఉండవచ్చు. ఈ పాఠంలో మనం చేసిందేమిటో ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. తప్పు ఎక్కడ పుట్టిందో 'వండిన' చెప్పింది. దాన్ని ఎలా దిద్దుకోవాలో భయపెట్టు, భయపడు చెప్పాయి. రెండు రకాల ఇంగ్‌లను విడదీసి చూపింది వంట గ్యాసు. ఇవన్నీ మీరు బడికి వెళ్లకముందే నేర్చుకున్న మాటలు. మీ తప్పును చూసి ఎవరైనా నవ్వితే, ఆ తప్పుకు కారణం చెప్పమని అడగండి. వారు చెప్పలేకపోతే ఇక మీద మీరు చెప్పగలరు.

ఇప్పుడు పుస్తకం పక్కన పెట్టి, మీ నోటు పుస్తకం తీయండి. మీ పనికి, మీ ఇంటికి సంబంధించిన ఇంగ్ మాటలు పది రాయండి. ప్రతిదానికీ ఎదురుగా అది 'మరిగే నీళ్లు' రకమో, 'తాగే నీళ్లు' రకమో రాయండి. ఆ తర్వాత మిమ్మల్ని ఈ మధ్య సంతోషపెట్టిన సంగతి ఒకటి, బాధపెట్టిన సంగతి ఒకటి ఇంగ్లీషులో రెండేసి వాక్యాలలో రాయండి. ఒక వాక్యంలో సంగతి కర్తగా ఉండాలి, రెండోదానిలో మీరు కర్తగా ఉండాలి. రాసినదాన్ని తర్వాతి సంపర్క తరగతికి వెంట తెచ్చుకోండి. అందరిలో పైకి చదవడానికి సంకోచించకండి.